పర్వీన్ ఆపా పసుపు

పర్వీన్ ఆపాకు తెల్ల గడి గిట్టదు. ఎక్సెల్ షీట్‌లో ఏ గడికైనా రంగు ఉండాలి, ఆ రంగు అన్ని షీట్లలోనూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండాలి. ఈ ఒక్క సంగతి వదిలేస్తే అంత మంచి మనిషి సికింద్రాబాద్ మొత్తం వెతికినా దొరకదు. ఆమె వదలనిచ్చేది కాదు, అదీ నా బాధ.

మాది పద్మారావు నగర్‌లో ఆసుపత్రులకు పథ్యం భోజనం పంపే వంటశాల. ఆఫీసులో ఆపా, నేను. ఆసుపత్రికో షీట్. ఉప్పు లేని భోజనానికి పసుపు, షుగర్ ఉన్నవాళ్లకు ఆకుపచ్చ, జావ తాగేవాళ్లకు నీలం. అంతవరకు నాకూ అభ్యంతరం లేదు. కానీ ఒక షీట్‌లో పసుపు కాస్త మారిందని అన్నం తింటున్న నన్ను లేపేది.

"సృజనా, జెర చూడు. ఇది నిమ్మకాయ, అది మామిడిపండు. రెండూ ఒకటేనా?"

"రెండూ పసుపే కదా ఆపా."

"రేపు నీ పెండ్లికి సుత గిట్లనే అంటవా, ఎవరైతేంది, ఇద్దరూ మొగపిల్లలే కదా అని?"

డబ్బాల మూతలు కూడా షీట్ రంగుల్లోనే ఉండాలంది. ప్రింటు తీసుకుని మోండా మార్కెట్‌కు వెళ్లి, ఒక్కో మూతా ఎండలో పట్టుకు చూసింది. మ్యాచింగ్ జాకెట్టుకా అమ్మా అని కొట్టతను అడిగాడట. కాదు, జావకు అని చెప్పిందట.

నేను సెలవు అడిగితే, ముందు సెలవుల షీట్‌లో నా గడికి వంకాయరంగు నింపి రమ్మనేది. జ్వరంతో వణుకుతూ ఫోన్లో నింపాను ఒకసారి. అది వంకాయ కాదు, నేరేడు అని తిప్పి పంపింది.

అందుకే కొత్త మేనేజర్ ఓంప్రకాశ్ గారు వచ్చి, ఇవి షీట్లా, జాతర దుకాణాలా అని విసుక్కుని, ఒక పొద్దున రంగులన్నీ తుడిచేస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. పథ్యం పేరు పక్కనే అక్షరాల్లో ఉంటే చాలన్నారాయన.

ఆ పూట డబ్బాలు కదల్లేదు. తొందరపెడదామని ప్యాకింగ్ గదికి వెళ్లాను. అక్కడి ఇన్‌చార్జి శాంతికుమార్ అన్న పక్షవాతం వచ్చి, కోలుకుని, నేను చేరకముందే మళ్లీ పనిలోకి వచ్చిన మనిషి. చేతిలో మూత పట్టుకుని కంప్యూటర్ తెరకేసి చూస్తున్నాడు. మొహమంతా చెమటలు.

నా వెనకే ఆపా వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుని గడులకు రంగులు నింపడం మొదలుపెట్టింది. ఓంప్రకాశ్ గారు వచ్చి, ఎవరిని అడిగి చేస్తున్నారని నిలదీశారు.

"తక్లీఫ్ నాది సార్," అంది ఆపా. "వయసైంది. రంగు లేకుంటే నాకు అక్షరాలు కలిసిపోతున్నయి. పేషెంట్ల తిండి, తప్పు చేస్తనేమో అని భయం."

ఆయన రంగులు ఉండనిమ్మని, ముందు కళ్లు చూపించుకోమని చెప్పి వెళ్లిపోయారు. డబ్బాలు కదిలాయి.

కళ్లజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించే మనిషి ఆపా. బయటికి రాగానే పట్టుకుని అడిగాను.

"ఆ జబ్బు చేసినంక శాంతికుమార్‌కు అక్షరాలు నిలుస్తలేవు," అంది మెల్లగా. "పనంతా వస్తది, చదువుడే వస్తలేదు. డాక్టర్ దగ్గర నేర్చుకుంటున్నడు. పసుపు జెర మారినా పరేషాన్ అయితడు, ఇది వేరే పథ్యమేమో అని. నువ్వు ఎవరికీ చెప్పకు."

ఎవరికీ చెప్పనన్నాను. ఆమెకు మాత్రం వేరే చిక్కు వచ్చిపడింది. కళ్ల డాక్టరు ఏ లోపమూ లేదన్నాడు. మేనేజర్‌కు ఏదో ఒకటి చూపించాలి కదా. సాదా అద్దాల జోడు కొందామని నన్ను వెంటబెట్టుకుని దుకాణాలన్నీ తిప్పింది. ఎక్కడికి వెళ్లినా ఫ్రేమ్ నచ్చేది కాదు. చివరికి ఒకటి దొరికింది.

ఇప్పుడు ఓంప్రకాశ్ గారి అడుగుల చప్పుడు వినబడితే చాలు, ఆపా జోడు తగిలించుకుని తెరమీదికి వంగుతుంది. ఎట్లుంది ఇప్పుడు అని ఆయన అడుగుతారు. చాలా నయం సార్ అంటుంది. ఆయన అటు వెళ్లగానే జోడు తీసి, దీంతో పసుపు వేరేగా కనబడుతుందని నామీద విసుక్కుంటుంది.