తాళానికి పసుపు రాసినవాణ్ణి

హిందీ సీమలోని బచేలి ఇనుప గనుల్లో ఉద్యోగం చేసిన రోజుల్లో నేను టౌన్‌షిప్ తెలుగు సంఘానికి కార్యదర్శిని. కార్యదర్శి అంటే కుర్చీలు తెప్పించేవాడు, తిరిగి పంపించేవాడు. ఆ మధ్యలో తీరిక దొరికి ఒక ఘనకార్యం చేశాను. సంఘం చేత తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ కొనిపించాను. దొంగ కాపీ కాదు, రసీదుతో సహా అసలుది. హైదరాబాద్ నుంచి పార్శిల్‌లో ఆరు ఫ్లాపీలు, అగ్గిపెట్టెంత నల్లటి బిళ్ల ఒకటి వచ్చాయి. ఆ బిళ్ల పేరు లాక్. కంప్యూటర్ వెనక, ప్రింటర్ తగిలించే చోట దాన్ని గుచ్చాలి. అది ఉంటేనే తెరమీద తెలుగు. లేకపోతే, కొన్నది మనమే అయినా, లేదు.

నా కుతూహలమంతా ఆ బిళ్ల మీదే. వైరు లేదు, బల్బు లేదు. ఊపి చూశాను, చెవి దగ్గర పెట్టుకున్నాను. మేం డబ్బు కట్టినవాళ్లమని దీనికెలా తెలుస్తోంది?

ఇంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు గనిలో ఖనిజం తవ్వే షవల్ యంత్రం నుంచి స్పానర్ దాకా బొట్టు లేని ఇనుము కనబడదు. సంఘం కంప్యూటర్‌కి పూజ నేనే చేశాను. మానిటర్‌కి దండ వేస్తే పోయినవాళ్ల ఫొటోలా కనిపించింది. అపశకునమని అప్పుడే గ్రహించాల్సింది. అన్నిటికన్నా విలువైనది లాకే కదా అని దాన్ని ఊడదీసి, తడి పసుపు నిండా పట్టించి, కుంకుమ పెట్టి, మళ్లీ గుచ్చాను. భక్తి బిళ్ల సూదుల సందుల్లోకి దిగింది. సాయంత్రానికి లాక్ కనబడలేదని తెర మీద ఇంగ్లిషులో వచ్చింది. తుడిచాను, ఎండబెట్టాను. దేవుడు మెచ్చాడేమో గానీ సాఫ్ట్‌వేర్ మెచ్చలేదు.

సరిగ్గా ఆ నెలాఖరుకే షవల్ ఆపరేటర్ ఒకాయన రిటైరవుతున్నారు. శ్రీకాకుళం మనిషి. రిటైరయ్యేవాళ్లకు మా దగ్గర శాలువా కప్పి, అభినందన పత్రం చదివి, ఫ్రేము కట్టి ఇస్తారు. అది ఎప్పుడూ హిందీలోనే ఉంటుంది. ఈయన ముందుగానే వచ్చి తెలుగులో కావాలన్నారు.

“గోడకి ఏలాడగట్టుకోడానికి కాదు బాబూ. మా ఇంటిది సదవాల. ముప్పయ్యేళ్లు ఆ కొండ మీద నానేటి సేసినానో దానికి తెల్దు.”

చేత్తో రాసిద్దామంటే, నా లీవు కాగితాన్ని ఒకసారి డాక్టరు చీటీ అనుకుని మందుల షాపువాడు తీసుకున్నాడు. ఎస్టీడీ బూత్ నుంచి హైదరాబాద్‌లోని సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేశాను.

“పాత లాక్ పోస్టులో పంపండి. చూసి కొత్తది పంపుతాం. నెల పట్టొచ్చు.”

“రసీదు ఉందండి నా దగ్గర.”

“రసీదు చూపిస్తే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు కదండీ.”

పాపం, ఆయన అన్నదీ నిజమే. లాక్ పోస్టు చేసి, ముఖం వేలాడేసుకుని షవల్ ఆయనకు సంగతి చెప్పాను. ఆయన తాపీగా విన్నారు.

“మా గేటు లాగే ఉంది బాబూ ఇది. టోకెన్ మర్సిపోతే, రోజూ సూసే సెంట్రీయే నన్ను ఆపేస్తాడు. ఎనకాల కంచె కన్నంలోంచి మేకలు ఎల్లిపోతే ఒక్కడూ అడగడు.”

“మరేం చేద్దామండీ?”

“మేకల్దారి సూడు.”

మర్నాడే బస్సెక్కి జగదల్‌పూర్ వెళ్లాను. అక్కడ పెళ్లి కార్డులు వేసే దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చున్నాయనది మన సరిహద్దున ఉన్న ఉసూర్ దిక్కు. నా కథంతా విని, జబ్బుమనిషిని చూసినట్టు చూశాడు.

“ఏంది సార్, పైసలు పెట్టి కొన్నరా దీన్ని? అయ్యో!”

అదే సాఫ్ట్‌వేర్. అవే అక్షరాలు. వంగి వెనక చూశాను, బిళ్ల లేదు. మరి ఆ తాళం ఎవరి కోసం వేసినట్టు? ఈ ప్రశ్నతో నేను తల గోక్కుంటుండగానే ఆయన పత్రం కొట్టేసి, తాళం అక్కర్లేని కాపీ ఫ్లాపీలు కూడా నా చేతిలో పెట్టాడు.

దీపావళి దాటాక కొత్త లాక్ వచ్చింది. దొంగ కాపీలు వాడొద్దని బుద్ధి చెప్పే కాగితం కూడా అందులో ఉంది. ఆ కాగితం కొన్నవాళ్లకే వస్తుంది, ఉసూర్ ఆయనకు రాదు. శ్రద్ధగా చదివి, లాక్‌తో పాటు బీరువాలో పెట్టి, పాడవుతుందన్న బెంగ లేని కాపీతోనే పని కానిచ్చాను. కొని మరీ దొంగనైన ఘనత నాది.

ఇక అంతకుముందు, ఆ నెలాఖరున జరిగిన రిటైర్మెంటు సాయంత్రం సంగతి. ఫ్రేము పట్టుకుని వాళ్ల క్వార్టర్‌కి నేనూ వెళ్లాను. ఆయన భార్య కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో మాట మీద వేలు ఆనిస్తూ పైకే చదివారు. సగంలో వేలు ఆగింది. వానలో గట్టు కుంగి లోయవైపు జారుతున్న డంపర్ లారీకి తన షవల్ బకెట్ అడ్డం పెట్టి డ్రైవర్‌ని కాపాడారన్న వాక్యమది. తోటివాళ్లను అడిగి నేనే రాశాను.

“ఇదెప్పుడు? వానాకాలం కొండ మీద పనే ఉండదన్నావు కదా?”

ఆయన నావైపు తిరిగారు. “ఆ లైనొక్కదానికి తాళం ఎయ్యలేపోనావా బాబూ?”

“నువ్వుండెహె,” అంటూ ఆవిడ కుర్చీ లాగి నా ముందు వేశారు. “కూకో బాబూ. ఇందులో రాయనివి కూడా సెప్పు.”