పొట్టి గేర్ రాడ్డు

మా బండికి గేర్ రాడ్డు మార్చింది నేనే. మార్చమని ఎవరూ అడగలేదు. వద్దన్న మనిషి ఒకరున్నారు, ఆ మాట నేను చెవిన పెట్టలేదు. ఇది ముందే ఒప్పేసుకుంటే మిగతాది రాయడం కాస్త తేలికవుతుందనుకున్నాను గానీ, ఏమీ అవలేదు.

బండి అంటే పికప్ వ్యాను. మా అప్ప, అంటే అక్క, బావ కలిసి కొనుక్కున్నది. ముంచింగిపుట్టుకి అవతల, కొండల మీద మా ఊరు. బస్సు రాదు. సంత రోజున పసుపు బస్తాలు, రాజ్మా చిక్కుళ్ళు, అడ్డాకుల కట్టలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, వాటి మధ్యన మనుషులు, అందరూ ఆ బండిలోనే కొండ దిగాలి, అందులోనే ఎక్కి రావాలి. మా ఊళ్ళో మొట్టమొదట స్టీరింగు పట్టినవాడు బావ. అందుకని ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. చంటి పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా అందరికీ ఆయన డ్రైవరు. దేవుడి పండగలో మేక కూర పంచేటప్పుడు కూడా 'డ్రైవరు వాటా' అనే తీసేవారు. ఆ పిలుపంటే ఆయనకి ఎంత ఇష్టమో బయటికి చెప్పేవాడు కాదు, కానీ విన్నప్పుడు మొహం చూస్తే తెలిసిపోయేది.

నాకు బండి నేర్పింది కూడా ఆయనే. నోటితో నేర్పలేదు. నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుని, మలుపు వస్తుందనగా ఎదురుగా ఉన్న రేకు మీద రెండు వేళ్ళతో తట్టేవాడు. తట్టాడంటే రెండో గేరు. ఆ తట్టడం ఎప్పుడూ ఒక్క క్షణం కూడా అటూ ఇటూ అయ్యేది కాదు.

తరువాత నేను పాడేరులో డీజిల్ మెకానిక్ చదివి, అక్కడే ఒక షెడ్డులో పనికి కుదిరాను. ఊరికి నెలకి ఒకటి రెండు సార్లు వచ్చేవాణ్ణి. వచ్చినప్పుడల్లా నా నడకే మారిపోయేదని అప్ప అనేది. మారే ఉంటుంది. ఇంజను విప్పి బిగించగలిగిన వాడికి, ఊరికే తోలేవాడు కొంచెం తక్కువగా కనిపిస్తాడు.

మా వైపు బళ్ళలో ముందు సీటుకి ఒక పద్ధతి ఉంది. డ్రైవరు కాక ముగ్గురు ఇరుక్కుని కూర్చుంటారు. పసిపిల్లల తల్లులకి, కడుపుతో ఉన్నవాళ్ళకి ఆ చోటు. గేర్ రాడ్డు పక్కన కూర్చున్నామెకి మోకాళ్ళు పెట్టుకోవడానికి చోటుండదు, గేరు మార్చినప్పుడల్లా కాళ్ళు జరపాలి. అలాంటి చోట ఒక ఏడాదిగా మా అప్పే కూర్చుంటోంది. చంకలో పిల్ల లేదు, ఒంట్లో నలత లేదు. బాలింత ఎక్కినా లేచేది కాదు. వెనక కూర్చున్న ఆడవాళ్ళు గొణుక్కునేవారు. నేనైతే మొహం మీదే అనేవాణ్ణి, మొగుణ్ణి వదిలి మూరెడు దూరం కూడా ఉండలేకపోతోందని. అప్ప నవ్వేసేది. బావ కూడా నవ్వేవాడు. బావని ఆట పట్టించడం బావమరిది హక్కు, దానికి కోపం తెచ్చుకోవడం మర్యాద కాదు. ఆ హక్కుని నేను వడ్డీతో సహా వాడుకున్నాను.

ఆ ఏడాది కిందట జరిగినది కూడా చెప్పాలి. మిరియాల కోతప్పుడు, కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్టుకి ఆనించిన ఒంటి వెదురు నిచ్చెన జారి బావ కింద పడ్డాడు. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. కట్లు కట్టే ముసలాయన వెదురు బద్దలు పెట్టి, పసరు వేసి కట్టాడు. నేను వచ్చేసరికి కట్టు విప్పేశారు. చెయ్యి కాస్త వంకరగా కనిపించింది. ఎలా ఉంది బావా అంటే, బాగుంది అన్నాడు. మళ్ళీ అడగలేదు. బండి తోలుతున్నాడు కదా, ఇంక బాగులేకపోవడం ఏమిటి?

ఆ రోజుల్లోనే ఫోనులో వీడియోలు చూసి నాకు పొట్టి గేర్ రాడ్డు పిచ్చి పట్టింది. పాత రాడ్డు పొడవుగా, సీటుకి జానెడు ఎత్తు దాకా ఉండేది. ఒక గేరు నుంచి ఇంకో గేరుకి చెయ్యి అంత దూరం వెళ్ళాలి. ఈ పొట్టిది బిగిస్తే మణికట్టు కాస్త తిప్పితే చాలు, టక్కుమని పడుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించాను. అది మా బండికి చేసింది కాదు. లేత్ షాపులో కింది భాగం అరగదీయించి సరిపెట్టాను. అప్ప మోకాళ్ళకి తగలకుండా ఉంటుందని అందరికీ చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. సంతలో పది బళ్ళ మధ్య మా బండి వేరుగా ఉండాలి, అది నా చేతి పని అని అందరికీ తెలియాలి.

సంతకి ముందు రోజు పొద్దున్న ఊరికి వచ్చాను. బావ తోటకి వెళ్ళాడు. వాకిట్లో బండి తలుపు తీసి పని మొదలుపెట్టాను. రబ్బరు తొడుగు పైకి లాగి, నాలుగు బోల్టులు విప్పి, పాత రాడ్డు పైకి తీశాను. కింద గుండు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కప్పు అరిగిపోయి ఉంది. కొత్తది వేసి, గ్రీజు పూసి, పొట్టి రాడ్డు దింపి బిగించాను. అప్ప తలుపు దగ్గరే నిలబడింది.

"పాతదే బాగుందిరా తమ్ముడా," అంది.

నేను నవ్వాను. ఇంకాసేపటికి మళ్ళీ అదే మాట అంది. పని అయ్యాక లోపలికి వంగి, కొత్త రాడ్డు మీద చెయ్యి వేసి చూసింది. పిడి తప్ప పట్టుకోవడానికి ఇంకేమీ లేదు.

"సెయ్యి పట్టదురా దీని మీద."

"నువ్వెందుకప్పా పట్టుకోవడం? పట్టుకునేవాడు బావ కదా," అన్నాను.

అప్ప రాడ్డు మీంచి చెయ్యి తీసేసింది. ఆ నిమిషాన ఆమె మొహంలోకి చూసి ఉంటే నాకు తెలిసేదేమో. నేను బోల్టు బిగుతు చూసుకుంటున్నాను.

మర్నాడు సంత. బావ ఎక్కి కూర్చుని, ఆ పొట్టి రాడ్డు వైపు చూసి, బండి తీశాడు. పోయేటప్పుడు అంతా దిగుడే. నేను వెనక బస్తాల మీద ఉన్నాను. మొదటి గేరులో ఎంతసేపో ఈడ్చి, ఒక్కసారిగా మూడులోకి వేస్తున్నాడు. ఇంజను గోల పెడుతోంది. కొత్త కదా, అలవాటు పడతాడులే అనుకుని, పక్కవాళ్ళతో నవ్వాను.

తిరుగు ప్రయాణంలో బండి నిండుగా ఉంది. సంత దాటగానే టీ కొట్టు పక్కన చిన్న ఎక్కుడు. దాని మీద రెండో గేరు పడి తీరాలి. పడలేదు. మూడులో పడి బండి ఆగి, వెనక్కి జారింది. ఆడవాళ్ళు గోల పెట్టారు. ఎవరో చక్రం కింద రాయి పెట్టారు. బావ మళ్ళీ తీశాడు, మళ్ళీ ఆగింది. మూడోసారీ అంతే. టీ కొట్టు దగ్గర మనుషులు గ్లాసులు పట్టుకుని లేచి నిలబడ్డారు. ఇంకో బండి డ్రైవరు, మీ డ్రైవరుకి పొద్దున్నే జీలుగు కల్లు ఎక్కేసిందా అని అడిగాడు.

నేను కిందికి దూకాను. నా చేతి పని పరువు పోతోందని నా బాధ. అందరికీ వినపడేలా అన్నాను.

"కల్లు కాదు. మా బావకి పెళ్ళాం ఒళ్ళో సెయ్యేసుకుని తోలడం అలవాటైపోయింది. పొట్టి గేరు ఆయనకేటి తెలుస్తాది? దిగు బావా, నేను తోల్తాను."

అంతా విరగబడి నవ్వారు. బావమరిది హక్కు. బావ కూడా నవ్వాలి, అది పద్ధతి. నవ్వలేదు. తలుపు తీసుకుని దిగి, నా వైపు చూడకుండా వెనక్కి వెళ్ళి, చక్రం మీద కాలు పెట్టి, కుడి చేత్తో మాత్రమే పట్టుకుని బస్తాల మీదికి ఎక్కాడు. ఒక్క చేత్తో ఎక్కడం నేను చూశాను. చూసి కూడా ఏమీ అనుకోలేదు.

రెండు వేళ్ళతో రెండో గేరు వేసి చూపించాను. బండి ఎక్కేసింది. ఎవరో ఈల కూడా వేశారు.

ఊరి దారిలో మొదటి మలుపు దగ్గర క్లచ్చి తొక్కాను. పక్కన అప్ప చెయ్యి కదిలింది. ఒళ్ళో ఉన్న చెయ్యి, తనంతట తానే లేచి, గేర్ రాడ్డు వైపు వచ్చి, మధ్యలో ఆగి వెనక్కి పోయింది. రెండో మలుపులోనూ అంతే. అప్పుడు ఆమె వైపు చూశాను.

"ఆయన సెయ్యి ముందుకి తోస్తాదిరా, ఎనక్కి లాగలేదు. వేళ్ళు బిగియవు," అంది అప్ప, పక్కామెకి వినపడనంత చిన్నగా. "రెండో గేరూ నాలుగో గేరూ ఏడాది నుంచి నేనే లాగుతన్నాను. పైన ఆయన సెయ్యి, కింద నా సెయ్యి. నువ్వు ఇద్దరి సేతులు పట్టకుండా సేసేసినావు."

బండి ఎలా తోలుకొచ్చానో నాకు గుర్తులేదు. ఏడాది పాటు నేను వేసిన వేళాకోళాలన్నీ ఒకటొకటిగా గుర్తొచ్చాయి. వాటన్నిటికీ ఆ ఇద్దరూ నవ్విన నవ్వులు కూడా.

ఒక చెయ్యి పట్టు లేని మనిషి, జనాన్ని ఎక్కించుకుని ఘాటీలో బండి తోలడం తప్పు. మెకానిక్కుగా అది నాకు తెలుసు. ఎప్పుడో ఒకప్పుడు ఆ మాట ఎవరో ఒకరు ఆయనకి చెప్పాల్సిందే. కానీ ఇంట్లో, పక్కన కూర్చుని, బావా అని మెల్లగా చెప్పాల్సిన మాట అది. నేను ఆయన్ని సంత నడిబొడ్డున దింపేశాను. ఆయన తోలడం తప్పేనని ఎంత చెప్పుకున్నా నా సిగ్గు ఇసుమంత కూడా తగ్గలేదు.

ఊరు చేరిన వెంటనే, బస్తాలు దింపుతుండగానే, పాత రాడ్డు తెచ్చి మళ్ళీ బిగించాను. తొందరలో ఒక బోల్టు రెండుసార్లు కింద పడింది. బావ అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. పని ముగించి, తాళం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. తప్పయిపోయింది బావా అనాలి. పాతదే పెట్టేశాను బావా అన్నాను, అంతే.

తాళం వైపు చూశాడు. తీసుకోలేదు.

"ఉంచుకో. సంతలో అందరూ సూసేసినారు కదా," అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

షెడ్డులో అడిగి, సంత రోజుల్లో సెలవు పెట్టుకుంటున్నాను. బండి నేనే తోలుతున్నాను. అప్ప ఇప్పుడు వెనక కూర్చుంటుంది. గేరు పక్కన చోటు బాలింతలకి వచ్చేసింది. బావ సంతకి వస్తాడు గానీ ముందు కూర్చోడు. క్యాబిన్ వెనక, రేకు పట్టుకుని నిలబడతాడు. మొదటిసారి అలా వెళ్ళిన రోజు, తిరుగు దారిలో మలుపు వస్తుందనగా నా నెత్తి మీద రేకు మోగింది. ఎవరో దిగాలేమోనని బ్రేకు మీద కాలు పెట్టాను. తరువాత అర్థమైంది. రెండు వేళ్ళ చప్పుడు అది. రెండో గేరు వేశాను. పై మలుపు దగ్గర మళ్ళీ మోగింది.

ఒక్కోసారి వెనక ఎవరితోనో మాటల్లో పడి, ఆయన తట్టడం ఆలస్యమవుతుంది. బండి మూలుగుతుంది, వణుకుతుంది. గేరు ఎప్పుడు దించాలో నాకు తెలుసు. దించను. ముందు సీట్లో ఆడవాళ్ళు నవ్వుకుంటారు, ఈ గుంటడికి ఇంకా గేరు మార్చడం రాలేదని. మొన్న ఒకామె నా మొహం మీదే అనేసింది, డ్రైవరు తోలేటప్పుడే నయమని. అవునన్నాను. రేకు మోగేదాకా క్లచ్చి తొక్కలేదు.