వాడు ఆగిన ఐదో తరగతి

మా వాడికి రక్తం జబ్బు అని తేలిన రోజు డాక్టరు చాలా మాటలు చెప్పాడు. సగం నాకు అర్థం కాలేదు. అర్థమైంది ఒక్కటే, జనంలో తిప్పొద్దు, బడికి అసలే వద్దు. అప్పటికి వాడు మూడో తరగతిలోకి వచ్చాడు. వాడి చెల్లెలికి నాలుగేళ్ళు. అది బడికి పోయి తెచ్చే దగ్గూ జలుబూ కూడా వాడికి ప్రమాదమేనట. అలా వాడితోపాటు దానికీ బడి తప్పింది. ఎల్బీనగర్‌లో మేముండే రెండు గదుల కిరాయి ఇంట్లో ముందు గది బడి అయింది. బీకాం తప్ప ఇంకేమీ చదవని నేను టీచరునయ్యాను.

ఏం చెప్పాలన్నది మొదటి చిక్కు. ఇంట్లోనే పిల్లలకు చదువు చెప్పుకునే తల్లుల వాట్సాప్ గ్రూపు ఉందంటే చేరాను. అంతా హైటెక్ సిటీ వైపు వాళ్ళు. పిల్లలకు మనం ఏమీ చెప్పకూడదు, వాళ్ళంతట వాళ్ళే నేర్చుకుంటారని ఒకామె అంటుంది. ఇంకొకామె పొద్దున్నే గంట కొట్టి మరీ ప్రార్థన చేయిస్తుంది. మరొకామె విదేశం నుంచి తెప్పించిన పెద్ద పెట్టె ఫోటో పెట్టింది. ఏడాది చదువంతా అందులో రోజుకొక కవరు చొప్పున సర్ది ఉంది. ఆ పాఠాల నిండా మంచు బొమ్మలు, మంచు మీద జారే బళ్ళు. మా పిల్లలు చూసిన మంచల్లా చెరుకురసం బండి మీది ఐసుగడ్డ. అయినా ఆ ఫోటోను నేను చాలాసేపు చూశాను, అబద్ధమెందుకు.

మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల షాపులో సేల్స్‌మన్. రాత్రి అన్నం తింటూ నా పరేషాన్ అంతా విని, "గవన్నీ మనకెందుకు? బడిల ఏం చెప్తున్నరో గదే చెప్పు" అన్నాడు. అదీ నిజమే. స్టేట్ సిలబస్ పుస్తకాలు, లెక్కలకు మాత్రం సెంట్రల్ సిలబస్, తెలుగు చదవడానికి బొమ్మల కథల పుస్తకాలు, ఇలా తలా ఒకచోట నుంచి తెచ్చి అతుకుల బొంత ఒకటి తయారుచేశాను. ఇల్లు అలకగానే పండుగ కాదు కదా, పుస్తకాలు తేగానే చదువు రాలేదు. వాడికి ఎక్కాలు చెబుతుంటే ఇది వచ్చి నా ఒళ్ళో కూర్చునేది. దీనికి అక్షరాలు దిద్దిస్తుంటే వాడు గోడకు తల ఆనించి నిద్రపోయేవాడు. మందుల వల్ల వాడికి ఓపిక ఉండేదే కొద్దిసేపు. ఆ కాసేపూ చెల్లెలికి పోతుంటే నాకు దాని మీద కోపం వచ్చేది. నాలుగేళ్ళ పిల్ల మీద కోపమేమిటని మళ్ళీ నా మీద నాకు కోపం వచ్చేది. ఒకరోజు ఇద్దరినీ తిట్టి, వంటింట్లోకి పోయి ఏడ్చాను.

దారి చూపింది మా పుట్టిల్లే. మాది పోచంపల్లి పక్క ఊరు, నేత ఇల్లు. నాన్న మగ్గం మీద కూర్చునేవాడు, అమ్మ మేకుల చట్రానికి నూలు చుట్టి ఆసు పోసేది, అక్క నూలుకు రంగు అంటకూడని చోట ముడులు కట్టేది, నేను నూలు కండెలు చుట్టేదాన్ని. చీర ఒక్కటే, ఎవరి వయసుకు తగ్గ పని వాళ్ళది. ఇంకో సంగతి, నాకు పని నేర్పింది అమ్మ కాదు. అమ్మ అక్కకు నేర్పింది, అక్క నాకు నేర్పింది. మగ్గమున్న ఇళ్ళలో చిన్నపిల్లల దగ్గర కూర్చునే తీరిక పెద్దవాళ్ళకు ఉండదు. పని ఎప్పుడూ పై నుంచి కిందికి ఒక్కొక్క మెట్టే దిగుతుంది.

నేనూ అదే పెట్టాను. రోజుకు ఒకే పాఠం. నేను వాడికి చెప్పాలి, వాడు చెల్లెలికి చెప్పాలి. సరూర్‌నగర్ చెరువు గురించైతే నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయో, ఎక్కడికి పోతాయో వాడు చదివి పటం గీసేవాడు. ఇది ఆ పటంలో చేపలు వేసేది, పడవలు వేసేది, ఎందుకో ఒక ఏనుగును కూడా వేసేది. వినాయక నిమజ్జనం రోజు బాలాపూర్ లడ్డు వేలంపాట టీవీలో వస్తుంటే వాడికి వేలూ లక్షలూ, దానికి సున్నాలు లెక్కపెట్టడం. దవాఖానకు ఆటోలో పోయేటప్పుడు దారిలో మెట్రో స్టేషన్ల పేర్లు వాడు ఇంగ్లీషులో చదవాలి, అది తెలుగులో చదవాలి. పక్క పోర్షన్‌లో గుంటూరు వైపు నుంచి వచ్చిన ఆంటీ ఉండేది, రిటైరైన లెక్కల టీచరు. మధ్యాహ్నాలు గుమ్మంలో నిలబడి మా బడి చూసేది. "నువ్వు చెప్పేదానికంటే మీవాడు చెప్పేదే బాగుందమ్మా. నువ్వు మధ్యలో వేలు పెట్టకు" అనేది. నిజంగానే బాగా చెప్పేవాడు. వెంట్రుకలన్నీ ఊడిపోయిన తలకు ఉలెన్ టోపీ పెట్టుకుని, దిండుకు ఆనుకుని, పెన్సిల్ పైకెత్తి చెబుతుంటే అది నోరు తెరుచుకుని వినేది. ఒకసారి వాడు దవాఖానలో ఉన్నప్పుడు నేనే దానికి తీసివేతలు చెప్పబోయాను. "అన్న రానీ. నువ్వు నాకు చెప్పేటిదానివి కాదు" అని పుస్తకం మూసేసింది. నాకు ముచ్చటేసి నవ్వాను. వచ్చినవాళ్ళకల్లా ఆ మాట చెప్పుకుని మురిసిపోయాను.

ఐదో తరగతి లెక్కల పుస్తకంలో, భిన్నాల కూడిక దగ్గర, వాడు పోయాడు. వాడికి పదేళ్ళు.

దాని గురించి ఇంతకంటే రాయలేను. వచ్చినవాళ్ళంతా "వాన రాకడ, పాణం పోకడ ఎవరికెరుక" అన్నారు. ఆ సామెత కట్టినవాడికి పిల్లలు ఉండి ఉండరు.

చెల్లెలికి అప్పుడు ఏడేళ్ళు. ఇక భయం లేదు కదా, పిల్లను బడిలో వేద్దామన్నాడు మా ఆయన. నేను ఒప్పుకోలేదు. ఉన్న ఒక్కదాన్ని కళ్ళముందు నుంచి పంపడం నావల్ల కాలేదు. పని ఆగకూడదని మళ్ళీ చాప పరిచాను. వాడి పుస్తకాలు వరసగా దానికి వచ్చాయి. వాటి నిండా వాడి పెన్సిల్ గీతలు, టిక్కులు. ఏ పాఠం తీసినా "ఇది అన్న చెప్పిండు" అనేది. కొన్ని నిజంగా చెప్పాడు, చాలావరకు చెప్పలేదు. నేను దిద్దలేదు. పైగా నేనే "అన్న ఇట్ల చేసేటోడు, చూడు" అని మొదలుపెట్టేదాన్ని. అలా అంటే చాలు, చక్కగా వినేది. మూడో తరగతి అయింది, నాలుగు అయింది. పిల్లకు చదువు సాగింది, నాకు రోజుకు కాసేపు వాడు ఇంట్లో ఉన్నట్టుండేది. మా ఇద్దరికీ ఆ ఏర్పాటు బాగా కుదిరింది.

పదో ఏట అది ఐదో తరగతి భిన్నాల దగ్గరకు వచ్చింది. వాడి గీతలు ఆ పేజీ వరకే ఉన్నాయి. అవతల అన్నీ తెల్లటి పేజీలు. అక్కడ అది ఆగిపోయింది. ఎన్నిసార్లు చెప్పినా పై అంకెలను పై అంకెలతో, కింది అంకెలను కింది అంకెలతో కలిపేసేది. సగానికి మూడోవంతు కలిపితే సగం కంటే తక్కువ ఎట్లవుతుందే అని అరిచేదాన్ని. తల వంచుకుని మళ్ళీ అదే రాసేది. ఈ పుస్తకం బాగాలేదేమోనని ఇంకొక ఐదో తరగతి పుస్తకం తెచ్చాను. అదీ కాదని మరొకటి. దిల్‌సుఖ్‌నగర్‌లో దొరికే ఐదో తరగతి లెక్కల పుస్తకాలన్నీ మా ఇంట్లో చేరాయి. ప్రతిదాన్నీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టించేదాన్ని, భిన్నాల దగ్గరికి రాగానే ఇంకొకటి తెచ్చేదాన్ని. మా ఆయన ఆరో తరగతి పుస్తకం తెచ్చి బల్ల మీద పెడితే, ఇప్పుడే కాదని తీసి బీరువా మీదికి ఎక్కించాను.

ఒక సాయంత్రం పక్క పోర్షన్ ఆంటీ నన్ను వసారాలోకి పిలిచింది. "చూడమ్మా, చెప్తే కోప్పడతావేమో. ఇందాక మీ అమ్మాయి మా ఇంట్లో అట్లు తింటూ, సగం అట్టూ మూడోవంతు అట్టూ కలిపి ఆరింట అయిదు వంతులని టకీమని చెప్పింది. పిల్లకి లెక్క వచ్చు. కావాలనే తప్పు రాస్తోంది" అంది. "ఈ వేసవి దాటితే ఆరో తరగతిలో ఏ బడివాళ్ళూ చేర్చుకోరమ్మా. ఆలోచించుకో" అని లోపలికి పోయింది.

ఆ మాట చెబితే మా ఆయన అన్నం కలుపుతూ ఆగిపోయాడు. "నాకెరుకే. నువ్వు గూడ కావాలనే చేస్తున్నవ్."

"ఏం చేస్తున్న?"

"ఐదో తరగతి దాటనిస్తలేవు. పిల్ల నిన్ను ఆపుతున్నదో, నువ్వు పిల్లను ఆపుతున్నవో గాని, ఇద్దరు గా పేజీల కూసున్నరు. వాడు పోయిండు. ఇది ఉన్నది."

"నీకేం, పొద్దుగాల లేస్తే షాపుకు పోతవు. నాకు గీ గది తప్ప ఏమున్నది?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన కంచం ముందు నుంచి లేవలేదు, తినలేదు కూడా. కాసేపటికి, "షాపుల పదేండ్ల పిల్లలకు బట్టలు కొంటున్నోళ్ళను చూస్తే నేను లోపలికి పోయి నిలవడ్త" అన్నాడు. అంతకాలంలో ఆయన ఆ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఇద్దరం అన్నం అలాగే వదిలేశాం.

ఆయన అన్నది నిజం. నాకు ఇద్దరు పిల్లలు ఒకే తరగతిలో ఉన్నారు. పిల్ల పేజీ తిప్పితే ఒక్కతే మిగులుతుంది. అందుకని తిప్పనివ్వలేదు. ఇంత తెలిసి కూడా మరుసటి పొద్దున మళ్ళీ అదే పుస్తకం తీశాను. ఆరోది దింపడానికి నాకు చేతులు రాలేదు.

మార్చిలో దానికి పదకొండేళ్ళు నిండాయి. ముగ్గురం కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి పోయి అర్చన చేయించాం. ఆయన అటు నుంచి అటే షాపుకు పోయాడు. మేమిద్దరం ఆటోలో తిరిగి వస్తున్నాం. కొబ్బరిచిప్ప ఒళ్ళో పెట్టుకుని బయటికి చూస్తూ అడిగింది.

"అమ్మా, అన్నకు పదేండ్లే గదా."

"ఔ బిడ్డా."

"ఇంకెప్పటికీ పదేండ్లేనా?"

నేను తల ఊపాను.

"మరి నాకు పదకొండు. అంటే ఇప్పుడు నేనే పెద్ద" అంది. ఆటో మెయిన్ రోడ్డు ఎక్కేదాకా ఏదో లెక్క కడుతున్నట్టు పెదవులు కదిలించుకుంటూ కూర్చుంది. తర్వాత అంది, "పాఠం పెద్దోళ్ళు చిన్నోళ్ళకు చెప్పాలె గదా. నువ్వే పెట్టినవ్ గా రూలు. ఇన్నొద్దులు నేను చిన్నదాన్ని గాబట్టి అన్న చెప్పాల్నని ఊకున్న. అన్న చెప్పనిది నేను నేర్సుకుంటే మంచిగుండదని. ఇప్పుడట్ల కాదు."

నా రూలే. ముచ్చటపడి పదిమందికి చెప్పుకున్న రూలు. నాలుగేళ్ళు ఈ పిల్ల దాన్ని మోసింది, అన్నను దాటి పోకూడదని వచ్చిన లెక్కను తప్పు రాసింది, నా చేత తిట్లు తిన్నది. ఆటోలోనే దాన్ని పట్టుకుని ఏడ్చాను. డ్రైవరు అద్దంలో చూసి జర మెల్లగా పోనిచ్చాడు. అది నన్ను ఓదార్చలేదు. కొబ్బరిచిప్ప పడిపోకుండా పట్టుకుని, నా ఏడుపు అయ్యేదాకా కూర్చుంది.

ఇంటికి రాగానే చెప్పులు విడిచి, కుర్చీ వేసుకుని, బీరువా మీది ఆరో తరగతి పుస్తకం దింపింది. దుమ్ము తుడిచి పక్కన పెట్టుకుంది. ముందు ఐదోదే తెరిచింది. చాప మీద తాను ఎప్పుడూ కూర్చునే చోట కాకుండా, వాడికి దిండు వేసిన గోడ వైపు పోయి కూర్చుంది. ఎదురుగా కొంచెం జాగా వదిలి పుస్తకాన్ని అటువైపు తిప్పి పెట్టింది. "కింది అంకెలు వేరేవేరే ఉంటే ముందుగాల వాటిని ఒక్కటి చెయ్యాలె" అని పెన్సిలుతో వేసి చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టింది. ఒక్క తప్పు లేదు. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. నా కూతురు గట్టెక్కిందని సంతోషించాల్సిన సమయం అది. నా కొడుకు ఇవాళ తమ్ముడు అయిపోయాడు, రేపు ఇంకా చిన్నవాడు అవుతాడు, ఇది పెద్దదవుతూనే ఉంటుంది అన్నదొక్కటే నాకు తోస్తోంది.

అది తలెత్తి నన్ను చూసింది. "గాడ నిలవడ్డవేంది అమ్మా? నీకు గూడ గిదే పేజీ గదా. వచ్చి కూసో, మీ ఇద్దరికి కలిపి చెప్త" అంది.

పోయి వాడి పక్కన కూర్చున్నాను.