షోకేసులో సవతి

ఓర్వలేనితనానికి ఎదురుగా మనిషే ఉండాలని ఎవరన్నారు? పిండిబొమ్మను చేసి పీట మీద కూర్చోబెడితే ఆడబిడ్డతనానికి అదిరదిరి పడిందని సామెత ఉండనే ఉంది. ఈ కథలో బొమ్మ అదిరిపడలేదు పాపం. అది కదల్లేదు, మెదల్లేదు, ఒకరి జోలికి పోలేదు. అదిరదిరి పడిందల్లా దాన్ని చూసిన రొట్టెలావిడే.

రొట్టెలావిడంటే బజారు మలుపులో రొట్టెల దుకాణంలో కౌంటరు వెనక నిలబడే మనిషి. పొద్దున్నే పొయ్యి దగ్గర పళ్లేలు అందుకోవడం, రొట్టెల్ని అరల్లో పేర్చడం, వచ్చినవాళ్లకి కాగితంలో చుట్టి ఇవ్వడం ఆమె పని. నెత్తిన వలటోపీ, మెడ నుంచి మోకాళ్లదాకా తెల్ల ఏప్రను. ఆ ఏప్రను కింద పట్టు కట్టినా గోనె కట్టినా అడిగేవాడు లేడు. మాటకారి. బేరమాడేవాళ్ల నోరు నవ్వుతూనే మూయించగలదు. అలాంటి మనిషి ఒక్క విషయంలో మాత్రం లోపల్లోపల ఉడికిపోతూ ఉండేది.

ఆమె మొగుడు అదే బజారులో, నాలుగు కొట్ల అవతల, ఆడవాళ్ల బట్టల దుకాణంలో షోకేసు అలంకరిస్తాడు. బజారంతా ఆయన్ని షోకేసాయన అంటారు. ఆయనది వింత బతుకు. లోకమంతా ఎండకి సొమ్మసిల్లుతుంటే ఆయన బొమ్మలకి ఉన్నికోట్లు తొడుగుతుంటాడు. లోకమంతా దుప్పట్లు ముసుగేసుకుంటే ఆయన చేతుల్లేని పల్చటి గౌన్లు సర్దుతుంటాడు. ఎప్పుడూ ఒక కాలం ముందుంటాడు. ఇంట్లో ఉన్నా అక్కడే ఉంటాడు.

షోకేసులో బొమ్మలు మూడు. ఒకటి కుర్చీలో కూర్చునేది. ఒకదానికి తల లేదు. మూడోది నిలువెత్తు మనిషి, సన్నటి నడుము, ఒక చెయ్యి గాలిలో ఎవరినో పిలుస్తున్నట్టు ఉంటుంది. దాన్ని ఆయన పొడుగుపిల్ల అంటాడు. ప్లాస్టిక్ బొమ్మకి పేరు పెట్టుకున్నాడంటేనే ఆలోచించండి.

పేరు పెడితే పెట్టాడు, అంతటితో ఆగితే రొట్టెలావిడ సర్దుకునేదే. కాలం మారినప్పుడల్లా షోకేసు మారుతుంది గదా, ఆ రోజున ఆమె పనికి పోతూ వీధి అవతల ఎదురు గట్టు మీద ఆగిపోయేది. లోపల ఆయన మోకాళ్ల మీద కూర్చుని, పెదాల మధ్య పిన్నులు పట్టుకుని, పొడుగుపిల్ల స్కర్టు అంచు సర్దుతుండేవాడు. లేచి, తల ఓరగా పెట్టి, ఒక కన్ను మూసి చూసేవాడు. అది చాలక బయటికొచ్చి వీధిలోంచి చూసేవాడు. మళ్లీ లోపలికి పోయి స్కార్ఫు కొసని బొటనవేలంత జరిపేవాడు. ఎదురు గట్టు మీద కట్టుకున్న పెళ్లాం నిలబడి ఉంటే ఆయన కళ్లు ఆమె మీదుగా పోయి మళ్లీ బొమ్మ మీదే వాలేవి. ఒళ్లు మండదూ?

"పెళ్లయిన కొత్తలో నన్నట్లా చూసేవాడు," అని రొట్టెలావిడ పక్కన కేకుల మీద క్రీము పువ్వులు వేసే కేకులామెతో చెప్పుకుంది. "ఇప్పుడు నేను జుట్టు సగానికి కత్తిరించుకొస్తే పక్కింటి ముసలాయన గుర్తుపట్టాడు గానీ ఈయన పట్టలేదు."

"సవతిపోరు మొదలైందన్నమాట," అని కేకులామె పగలబడి నవ్వింది.

"నవ్వకే. ఊపిరి పీల్చే సవతైతే జుట్టు పట్టుకుని బజారుకీడ్చేదాన్ని. దీనికి జుట్టు కూడా లేదు, ఖర్మ!"

బట్టల కొట్టు యజమానురాలు ఏటా చలికాలం బట్టలు షోకేసులోకెక్కాక ఒక సాయంత్రం పనివాళ్లని, వాళ్ల ఇళ్లల్లోవాళ్లని పిలిచి టీ ఇస్తుంది. రొట్టెలావిడకి ఎప్పుడూ ఆ వేళకి డ్యూటీ ఉండేది. ఈసారి కేకులామెతో మార్చుకుంది. రాత్రి భోజనాల దగ్గర మెల్లగా కదిపింది.

"ఏవండీ, ఈసారి టీకి నేనూ వస్తాను. ఏం వేసుకోమంటారు?"

"ఏదైనా వేసుకో," అన్నాడు కంచంలోంచి తల ఎత్తకుండానే. "నీకు ఏదైనా బాగానే ఉంటుంది."

"ఏదైనా అంటే?"

"ఏదో ఒకటిలే. అక్కడ నిన్నెవరు చూస్తారు, అంతా మనవాళ్లే."

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయనకి ఆ సంగతే తెలియదు. మంచినీళ్లు తాగి, బరువుగా నిట్టూర్చి, "పొడుగుపిల్లకి స్కార్ఫు ఏ రంగు వెయ్యాలో తేలడం లేదే. బూడిదరంగేస్తే మొహం వెలవెలపోతోంది," అన్నాడు.

"దానికి మొహమెక్కడుందండీ!"

"ఉందిగా. కళ్లూ పెదాలూ గియ్యలేదంతే."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. కళ్లూ పెదాలూ ఉన్న మొహం ఎదురుగా కూర్చుని ఉంటే, లేనిదాని మొహం వెలవెలపోతోందని దిగులు. మర్నాడు పనిలో ఆమె రొట్టెలు కోసే కత్తిని అంత గట్టిగా ఎందుకు దించుతోందో కొనేవాళ్లకి అర్థం కాలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు ఆ రోజు ముక్కలన్నీ వంకరే.

"ఇదే ఆఖరు," అంది కేకులామెతో. "ఆ బొమ్మని చూసే చూపు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నా మీద పడాలి. ఈ టీ నాడు పడిందా సరే. పడలేదా, ఇక నా సంగతేమిటని జన్మలో ఆయన్ని అడగను. ఒక ఇంట్లో అద్దెకున్న ఇద్దరు మనుషుల్లాగ బతికేస్తాం."

కేకులామె ఈసారి నవ్వలేదు.

షోకేసాయన గోదాముకి పోయిన వేళ చూసి రొట్టెలావిడ బట్టల కొట్లోకి వెళ్లింది. అక్కడ అమ్మకాల దగ్గరుండే పిల్లని అందరూ చిలక అంటారు, నోరు మూతపడదు గనక.

"బొమ్మ మీద ఉన్నదంతా కావాలి," అంది రొట్టెలావిడ. "పొడుగుదాని మీదది. మా ఆయనకి చెప్పావంటే చూడు."

"ఉన్నికోటా అక్కా? ఇంకా ఎండలు తగ్గందే!"

"నీకెందుకు? ఇవ్వు."

చిలకకి అంతకన్నా ఏం కావాలి, మొదలెట్టింది. ఈ యేడు కోట్లు మోకాళ్లు దాటిపోయాయట. భుజం దగ్గర జారినట్టుండాలట, బిగిస్తే పాతకాలం మనిషిలా ఉంటుందట. పైన వదులు వేసుకుంటే కింద బిగువుండాలి, రెండూ వదులైతే మనిషి మూటలా, రెండూ బిగువైతే దిండులా కనిపిస్తుందట. ఇటుకరంగు అందరికీ నప్పదు, నప్పనివాళ్లు మెడ దగ్గర లేతరంగు స్కార్ఫు పెట్టుకుంటే మొహానికి వెలుగొస్తుందట. బెల్టు కోటు మీద పెట్టాలి గానీ కింద కాదు. స్కార్ఫు కొసలు సమానంగా వదిలితే బడిపిల్లలా ఉంటుంది, ఒకటి పొడుగు ఒకటి పొట్టి ఉండాలి.

రొట్టెలావిడ ఒక్కొక్క మాటా మింగినట్టు వింది. అద్దంలో చూసుకుంటే కోటు బాగానే ఉంది గానీ బొమ్మ మీద ఉన్నట్టు లేదు. వీపు దగ్గర ఉబ్బింది. "దాని మీద అట్లా అతికినట్టుందేమిటే?" అని అడిగింది.

"దానికి వెనకంతా పిన్నులేగా అక్కా!"

ఆ మాటకి రొట్టెలావిడకి కాస్త కడుపు చల్లబడింది. కాస్తే. సవతికి కట్టుడుపళ్లని తెలిసినంత సంతోషం.

టీ నాటి సాయంత్రం గాలి ఆడడం లేదు. వచ్చిన ఆడవాళ్లంతా పల్చటి నూలుబట్టల్లో, విసనకర్రలు ఊపుకుంటూ కూర్చున్నారు. అప్పుడు తలుపు తోసుకుని ఇటుకరంగు ఉన్నికోటు, నల్ల బిగుతు లాగు, లేత గోధుమరంగు స్కార్ఫు, నడుముకి బెల్టుతో రొట్టెలావిడ దిగింది. వీధి చివరి నుంచి నడిచొచ్చేసరికే వీపు తడిసి ముద్దయింది. కణతల మీంచి చెమట కారుతోంది. అయినా తల దించలేదు. తిన్నగా వెళ్లి షోకేసు పక్కన, పొడుగుపిల్లకి ఎదురుగా, ఒక చెయ్యి కాస్త పైకెత్తి మరీ నిలబడింది.

ఎవరో కిసుక్కుమన్నారు. చిలక చేత్తో నోరు మూసుకుంది. యజమానురాలు కప్పు పట్టుకుని అలాగే చూస్తోంది.

షోకేసాయన పరుగెత్తుకొచ్చాడు. "ఇదేమిటే! ఇంత ఉక్కలో ఉన్నికోటేమిటి?"

"మీ పొడుగుపిల్ల వేసుకోలేదూ?"

"దానికి చెమట పట్టదు కదే!"

అందరూ గొల్లున నవ్వారు. రొట్టెలావిడ కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ, చెమటే అనుకుంటారులెమ్మని ఊరుకుంది. అయిపోయింది, ఇక అడగకూడదు, ఇంటికి పోవాలి అనుకుంటోంది.

అంతలో ఆయన తల ఓరగా పెట్టాడు.

ఒక కన్ను మూశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. అదే చూపు! నుదుటి మీద అదే ముడత. ఊపిరి బిగబట్టి నిలబడింది.

"బెల్టు తీసెయ్," అన్నాడు. ఆయనే తీశాడు. "దానిది పుల్లనడుము, కోటు నిలవదని బెల్టు పెట్టాను. నీకెందుకు? వదులుగా వదిలెయ్యి. స్కార్ఫు ఇలా కాదు, ఒకే చుట్టు. గుండీలు పెట్టకు." భుజాలు పట్టుకుని కోటు కాస్త వెనక్కి లాగాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వడం మానేసి చూస్తున్నారు. "అబ్బ, నిజమేనే," అందొకావిడ. "అట్లా వదిలేస్తే ఎంత బాగుంది!" రొట్టెలావిడ ఓరకంట పొడుగుపిల్లని చూసింది. చూడవే, బాగా చూడు అనుకుంది. ఇన్నాళ్ల కుళ్లూ తీరిపోయేలా చూసింది. అంత ఉక్కలోనూ ఆమెకి హాయిగా ఉంది.

"చేతులు మోచెయ్యిదాకా మడవాలి," అన్నాడాయన. "ఉక్కపోత తగ్గుతుంది, అందమూ వస్తుంది." ఎడమ చెయ్యి చకచకా మడిచాడు. కుడి చెయ్యి పట్టుకుని మడతలు వేస్తూ వేస్తూ ఆగిపోయాడు.

మణికట్టుకీ మోచేతికీ నడుమ, లోపలివైపు, జానెడు మచ్చ. ముదురుగా, మెరుస్తూ, చర్మం ముడుచుకుపోయి ఉంది.

"ఇదెప్పుడు కాలింది?" అన్నాడు.

"పోయిన చలికాలం. పొయ్యిలోంచి పళ్లెం లాగుతుంటే అంటుకుంది."

"నాకు చెప్పలేదేం?"

"చెప్పాను. కట్టు కట్టించుకుని ఇంటికొచ్చి చెప్పాను. మీరప్పుడు వేసవి గౌన్ల ఆలోచనలో ఉన్నారు. ఊఁ అన్నారు."

ఆమె అది దెప్పుతూ అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. దెప్పి ఉంటే ఆయన ఏదో ఒకటి బదులు చెప్పేవాడే. ఇప్పుడు మొహం కందిపోయింది. వేళ్లు వాటంతటవే కదిలి మడతని కిందికి దించబోయాయి. గుడ్డ మీద మరకుంటే మడతలోకి తోసి, పైకి కనపడకుండా సర్దడం ఆయన చేతులకి అలవాటు మరి.

రొట్టెలావిడ ఆ వేళ్ల మీద తన చెయ్యి వేసింది.

"దించకండి. మడిచింది మీరేగా, ఉండనివ్వండి."

ఆయన దించలేదు. పెదాల మధ్య పిన్నులు లేకపోయినా ఉన్నట్టే నోరు బిగించుకుని, ఆ చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. తల ఓరగా లేదు. కన్ను మూయలేదు. ఏం సర్దాలో, ఏం జరపాలో తెలియని మనిషి చూసినట్టు చూస్తున్నాడు. టీ చల్లారిపోతోందని యజమానురాలు కేకేసింది. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.

"నొప్పెట్టిందా?" అని అడిగాడు చివరికి, చాలా చిన్న గొంతుతో.

ఇప్పుడా అడగడం, అని రొట్టెలావిడ నాలుక చివరిదాకా వచ్చింది. అలాంటివి ఇంకో నాలుగు కూడా వచ్చాయి, ఆమె దగ్గర మాటలకి కరువా? అవన్నీ మింగేసింది. ఇవాళే కాలి వచ్చినదానిలా మొహం ముడుచుకుని చెయ్యి ఆయన ముందుకి ఇంకాస్త చాపింది.

"పెట్టిందండీ," అంది. "చాలా రోజులు పెట్టింది."