సూర్యుడు మింగిన పేరు

డెబ్బైల చివర్లో నేను గుణదల ఇంటికి కోడలిగా వచ్చేనాటికి మా అత్తగారికి ఒకటే పట్టుదల. రేడియోలో తన పేరు వినాలి. ఇంట్లో ఆవిడ అందరికీ అమ్మ, వదిన, అత్తయ్య. మామగారైతే "ఇదిగో" అని సరిపెట్టేవారు. పేరుపెట్టి పిలిచే వాళ్ళమ్మ పోయాక ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు. అందుకని సిలోను, అంటే శ్రీలంక, రేడియో నుంచి మధ్యాహ్నం షార్ట్‌వేవ్‌లో వచ్చే కోరిన పాటల కార్యక్రమానికి నాచేత కార్డుల మీద కార్డులు రాయించేవారు.

ఒకరోజు మంగళగిరి నుంచి ఆవిడ చెల్లెలు వచ్చి ఉన్నారు. ముగ్గురం రేడియో ముందు కూర్చున్నాం. "తరువాత, విజయవాడ గుణదల నుంచి శ్రీమతి..." అంది పాటలు ప్రకటించే సిలోను అమ్మాయి. అంతే! గొంతు సన్నగిల్లి సన్నగిల్లి మాయమైపోయింది. గరగర కూడా లేదు.

"నీ కోడలు ఏరియల్ తీగ మీద తడిచీర ఆరేసిందక్కా! ఇంకేం పలుకుద్దీ?" అన్నారు పిన్నత్తగారు.

ఆరేసిన మాట నిజమే. డాబా ఎక్కి చీర లాగేశాను. అయినా సిలోను పలకలేదు. అత్తగారు కాఫీ కూడా తాగకుండా పడుకున్నారు. తిట్టినా బాగుండేది. బీయస్సీ ఫిజిక్స్ చదివి తడిచీర నింద మోయాలా అని నాకు ఒళ్ళు మండింది. మీడియం వేవ్‌కి తిప్పితే మన ఊరి స్టేషను ఖణీమని మోగుతోంది!

సాయంత్రం, వైర్‌లెస్ ఆఫీసులో పనిచేసే పక్కింటాయన సైకిల్ దిగుతూ, "మజ్జానం మా సెట్లన్నీ ఒక్కసారే మూగబోయినయ్యండీ. సూర్యుడి మీద పెద్ద మంట లేచిందంట," అన్నారు. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది.

అత్తగారి మంచం పక్కన చేరి పాఠం మొదలెట్టాను. చాలా ఎత్తున గాలిలో విద్యుత్తు నిండిన పొర ఉంటుంది. సిలోను తరంగాలు దానికి తగిలి మన వైపు తిరిగొస్తాయి. సూర్యుడి మీద మంట ఎగిస్తే దాని ఎక్స్ కిరణాలు వచ్చి, ఆ పొర కింద ఉన్న గాలిని కూడా విద్యుత్తుతో నింపేస్తాయి. అక్కడ గాలి కాస్త చిక్కన. అందుకే తరంగాలు దారిలోనే ఇసుకలో నీళ్ళలా ఇంకిపోతాయి. పగలున్న వైపే ఈ బాధ. ఊరి స్టేషను తరంగాలు నేల వెంబడి వస్తాయి కనుక వాటికేం కాదు.

"అయితే నా పేరు సూర్యుడు మింగాడంటావు. మరి చదివినట్టా, చదవనట్టా?"

"చదివే ఉంటారండీ. మనకే వినపళ్ళేదు."

"వినపడకపోయాక చదివితే ఎంత, చదవకపోతే ఎంతే?" అని గోడ వైపు తిరిగారు.

అత్తగారి పేరు కోడలు నోట పలకడం మా ఇళ్ళల్లో లేదు. అయినా కొంగు నడుముకి దోపుకుని, గది మధ్య నిలబడి, సిలోను అమ్మాయి గొంతు తెచ్చుకుని, "విజయవాడ గుణదల నుంచి శ్రీమతి..." అంటూ ఇంటిపేరుతో సహా ఆవిడ పూర్తి పేరు చదివేశాను. పిన్నత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు.

అత్తగారు లేచి కూర్చున్నారు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వేశారు.

"అంత హడావుడిగా కాదే. నిదానంగా, ఇంకోసారి చదువు," అన్నారు.