లొరేన్ చోటు

షికాగో దక్షిణాన బ్రిడ్జ్‌పోర్ట్ పేటలో మంచు పడ్డ మర్నాడు రాజ్యాంగం మారుతుంది. వీధి అంచున మంచు తవ్వి కారుకు చోటు చేసుకున్నవాడిదే ఆ చోటు. కారు తీసుకుని పనిమీద వెళ్ళేటప్పుడు అక్కడో పాత కుర్చీ వేసిపోతే చాలు. చట్టపుస్తకాల్లో ఈ హక్కు లేదు. చట్టపుస్తకాలు మంచు తవ్వవు కదా.

లొరేన్ పెట్కస్‌ది పసుపుపచ్చ సీటున్న వంటింటి కుర్చీ, తల్లి నుంచి సంక్రమించిన ఆస్తి. బడి క్యాంటీన్లో ఉద్యోగమంతా గరిటె తిప్పి రిటైరైన ఆ మనిషికి ఈసారి ఆ చోటు పరువు సంగతి కాదు, అవసరం. తుంటి విరిగి ఆసుపత్రిలో ఉన్న భర్త రే ఆ శనివారం ఇంటికి రావాలి. గుమ్మం ఎదురుగా కారాగితే నాలుగడుగులు. వీధి చివర ఆగితే ఆ జారుడులో వాకర్ పట్టుకుని రెండో తుంటి కూడా విరగ్గొట్టుకుంటాడు. అందుకే పొద్దున్నే నడుం పడిపోయేలా తవ్వి, కుర్చీ వేసి, ఆసుపత్రికి బయల్దేరింది.

ఎదురింటి డెనిస్ కోజ్లిక్ రిటైరైన చరిత్ర మాస్టారు. చరిత్రను మాత్రం రిటైరవనివ్వక పేటకో చరిత్ర సంఘం పెట్టాడు. ఆ రోజే చర్చి కింది హాల్లో 'మన వీధి ఆచారాలు' ప్రదర్శన ప్రారంభం. ఆ కుర్చీ ఇమ్మని ఆయన ప్రాణం తోడేస్తుంటే, మంచు కరిగాక పట్టుకుపొమ్మని ఆవిడ చెబుతూనే ఉంది. కరిగాక దాని చారిత్రక ప్రాధాన్యం కూడా కరుగుతుందని ఆయన భయం. ఆవిడ కారు మలుపు తిరగ్గానే కుర్చీ ఎత్తుకెళ్ళాడు. దొంగతనం కాదు సుమా, దాని స్థానంలో సంఘంవారి కొత్త మడత కుర్చీ వేసి మరీ వెళ్ళాడు. కుర్చీకి కుర్చీ, లెక్క సరి.

చరిత్ర చదివినవాడు వీధిని చదవలేదు. అక్కడ ఎవరి కుర్చీ ఏదో పసిపిల్లలకూ తెలుసు. మడత కుర్చీ చూడగానే పక్కింటి టెరెన్స్ హూలిహన్‌కి ఒళ్ళు మండింది. ఎవడో పరాయివాడు లొరేన్ చోటు కాజేశాడనుకున్నాడు. నలుగురిని పోగేసి, ఆ కుర్చీని గోడవార విసిరేసి, ఆ పరాయి కారు దూరకుండా తవ్విన చోట మంచునంతా తిరిగి పోయించి, శాస్త్రోక్తంగా పైన బకెట్లతో నీళ్ళు కుమ్మరించాడు. చూస్తుండగానే అది బండరాయిలా గడ్డకట్టింది.

లొరేన్ వచ్చేసరికి గొయ్యి ఉండాల్సిన చోట కొండ ఉంది. కారులో రే ఉన్నాడు. కొండ పక్కన టెరెన్స్, బిరుదు ప్రదానానికి పిలుస్తారేమో అన్నట్టు నిలబడి ఉన్నాడు.

"ఒక్కణ్ణి కూడా అడుగు పెట్టనివ్వలేదు, మిసెస్ పెట్కస్."

"కనిపిస్తూనే ఉంది. నేనూ పెట్టలేను," అంది ఆవిడ.

గోడవారనున్న కుర్చీ వీపున చరిత్ర సంఘం పేరు స్పష్టంగా ఉంది. టెరెన్స్ చదవలేదట. వెనక హారన్లు మోగుతున్నా ఆవిడ కారు నడివీధిలోనే వదిలి, రేని హీటర్‌కి అప్పజెప్పి, చర్చికి నడిచింది. ఎర్రగుడ్డ పరిచిన పీఠంమీద తన కుర్చీ ఉంది. దాని ముందు కోజ్లిక్ ఉపన్యాసం, ఇరుగుపొరుగు నమ్మకమే ఈ ఆచారానికి ప్రాణమన్న దగ్గరికి వచ్చింది. ఆవిడ కుర్చీ దించి చంకన పెట్టుకుంది.

"డెనిస్, కోటు తొడుక్కో. పార తీసుకో."

"జనం వింటున్నారు, లొరేన్."

"వాళ్ళనీ తీసుకురా."

సభ యావత్తూ వీధికి తరలింది. కొండ తవ్వుతున్నంతసేపూ రే కారు అద్దం దించి, "అంత చక్కగా నీళ్ళు పోసేవాడివి, ముందు నన్ను లోపల పడేసి పోయాల్సింది కదా టెరెన్స్," అని దెప్పుతూనే ఉన్నాడు. చీకటి పడకముందే కారు గుమ్మం ఎదుటికి చేరింది, రే నాలుగడుగులూ వేసి తన సోఫా చేరాడు.

ప్రదర్శన ముగిసేదాకా పీఠం మాత్రం ఖాళీగానే ఉంది. దానిమీద ఓ పాత పార పెడదామని కోజ్లిక్ ఎన్నిసార్లు ప్రయత్నించినా ఎవరూ పెట్టనివ్వలేదు. అది లొరేన్ చోటు.