ఐసు డబ్బాలో ఆగిపోయిన అన్నం

ఒక బాలింతను పస్తు పెట్టి, ఒక బస్సును ఆపి, నా పరిశోధనను నేనే మట్టిలో కలిపాను. అంతా ఒకే పూటలో. ఇంతటి సమర్థుణ్ణి మీరు చూసి ఉండరు.

సెల్‌ఫోనులో పాము ఆట ఆడుకునే రోజులవి. నేను హైదరాబాదులో పరిశోధక విద్యార్థిని. కడుపులో బిడ్డతో పాటు పెరిగే మాయలో మూలకణాలుంటాయి. అవి ఎదిగేటప్పుడు తమలోని పాత, పాడైన సామానును తామే తిని, దాంతోనే కొత్తది కట్టుకుంటాయి. ఆ తిండి ఆపితే మాయ ఏమవుతుంది? ఇదీ నా ప్రశ్న. దానికి తాజా మాయ కావాలి.

భద్రాచలం దవాఖానాలో ఒక తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. మాయ ఇస్తారా అని తండ్రి ముత్తయ్యను అడిగాను. తల ఊపాడు. బిడ్డను చూసిన ఆ మైకంలో, గోదావరిని డబ్బాలో పట్టుకుపోతానన్నా ఊపేవాడే.

బస్సెక్కి, ఐసు డబ్బాను ఒళ్ళో పెట్టుకున్నాను. కండక్టర్ వచ్చాడు.

"ఏంది తమ్మీ డబ్బాల?"

"చేపలు."

"గోదావరియేనా?"

"అవ్. బొచ్చెలు."

"ఒకటి ఇయ్యరాదు, కూరకు."

ఇంతలో డ్రైవర్ హారన్ మీద హారన్ కొట్టాడు. బస్సు ముందు ఒక ముసలమ్మ కాళ్ళు చాపుకొని కూర్చుంది. పక్కన ముత్తయ్య తల వంచుకొని నిలబడ్డాడు. ఆమె వాళ్ళమ్మ.

"డబ్బా పిలగా, దిగు. మా మాయ మాకియ్యి."

కండక్టర్ డబ్బా వైపు చూసి, కూర ఆశ అక్కడితో వదులుకున్నాడు.

దిగాను. "మీ కొడుకే ఇచ్చిండు గదా అవ్వా."

"వాడెవడు ఇయ్యనీకె? మాయను పెరట్ల పూడ్చినంకనే మా ఇంట్ల బాలింతకు అన్నం పెడతం. నా కోడలు పొద్దటి సంది పస్తున్నది."

అప్పుడైనా డబ్బా ఇచ్చేసి ఉంటే సరిపోయేది. నేను ఉపన్యాసం అందుకున్నాను.

"అవ్వా, మన ఒళ్ళంతా కంటికి కనపడని కణాలే. తిండి దొరకకపోతే కణం తన పాత సామాను తనే తిని బతుకుతది. ఆ కిటుకు దొరికితే రేపు ఎందరో తల్లులకు..."

"ఆకలైతే తనను తనే తింటదా?"

"అవ్." ఇంత తేలిగ్గా అర్థం చేయించానని పొంగిపోయాను.

"మరి నా కోడలు కూడా గట్లనే తినాల్నా?"

బస్సంతా నవ్వింది. నాకు మాత్రం మా ఊరు తల్లాడలో మా పెరడు గుర్తొచ్చింది. మా చెల్లెలు పుట్టినప్పుడు దాని మాయను నాయనమ్మ జామచెట్టు కింద పూడుస్తుంటే పక్కనే నిలబడి చూసినవాణ్ణి. ఇన్ని చదువులు చదివి అదొక్కటి మరిచాను.

ఆటో మాట్లాడి, డబ్బాతో సహా వాళ్ళిద్దరినీ వాళ్ళ గూడేనికి తీసుకుపోయాను. గడ్డపార నేనే పట్టాను. నాలుగు పోట్లకే అరచేతులు పూరీల్లా పొంగాయి.

"మొత్తం ఉన్నదా?" అని ముసలమ్మ అడిగింది.

అప్పటికే కోసి సీసాలో దాచుకున్న చిన్న ముక్కను జేబులోంచి తీశాను. ఆమె చూసిన చూపుకు, ఆ గుంటలో నాకూ చోటుందేమో అనిపించింది.

మట్టి కప్పగానే ముత్తయ్య అన్నం గిన్నెతో అదే ఆటోలో దవాఖానాకు పోయాడు. అరుగు మీద కూలబడ్డ నా ముందు ఆమె పప్పుచారు అన్నం పెట్టింది.

"వద్దవ్వా. నేను చేసిన పనికి..."

"తిను బిడ్డా. లేకుంటే నిన్ను నువ్వే తినేటట్టున్నవ్."

తిన్నాను. మారు కూడా అడిగాను.

ఆ పళ్ళెం సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇంటి పెద్దావిడను అడగనిదే ఏ మాయనూ ముట్టను. ఒళ్ళో ఏ డబ్బా ఉన్నా, కండక్టరుకు చేపలని చెప్పను. నిజంగా చేపలే ఉన్నా సరే.